ఓడ ఇంజను దాహం

పిల్లలూ, మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు సముద్రం చాలా దూరం. అయినా ఓడ ఇంజను ఎట్లా చల్లబడుతుందో తెలుసుకోవటానికి విశాఖపట్నం దాకా పోనక్కర లేదు. అందుకు కావలసిన రెండు పాఠాలు మన పొలంలోనూ, మన రోడ్డు మీదా ఉన్నాయి.

మొదటిది పొలం పాఠం. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఆయిలింజన్లు టకటకమంటూ నడిచేవి. తోడిన నీళ్ళలో కొన్ని సన్నని గొట్టం గుండా ఇంజనులోకి పోయి, మరో గొట్టం గుండా వెచ్చగా బయట పడేవి. చలికాలం పొద్దున ఆ గొట్టం కింద స్నానం చేసిన తాతలు మీ ఇళ్ళలో ఉంటారు, అడగండి!

ఆ నీళ్ళకు వేడి ఎక్కడిది? సిలిండరులో నూనె మండేటప్పుడు వాయువుల వేడి సుమారు 2,000 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పోతుంది. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరి ఇంజను ఎందుకు కరగదు? ఆ మంట క్షణంలో ఆరిపోతుంది; పైగా సిలిండరు గోడల చుట్టూ ఖాళీ వదిలి, అందులో నీళ్ళు పారిస్తారు. నూనెలోని శక్తిలో సుమారు మూడోవంతే పనికి వస్తుంది. తక్కినది పొగ వెంటా, నీళ్ళ వెంటా బయటికి పోవలసిందే.

రెండోది రోడ్డు పాఠం. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే లారీ బావిని వెంట తీసుకు పోలేదు కదా! అందుకని ఉన్న నీళ్ళనే మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళు ముందున్న రేడియేటరులోకి వస్తాయి. అక్కడి సన్నని గొట్టాలకు గాలి తగిలి నీళ్ళు చల్లబడి, తిరిగి ఇంజనులోకి పోతాయి.

ఇక ఓడ సంగతి. చుట్టూ కావలసినన్ని నీళ్ళున్నాయి. బావి మీది ఇంజనులాగా వాటినే తోడి పారిస్తే సరిపోదా? కొన్ని చిన్న పడవలు అట్లాగే చేస్తాయి. కాని లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీళ్ళు 50 డిగ్రీలు దాటి వేడెక్కితే వాటిలో కొన్ని తెల్లని పొరగా గోడలకు పేరుకుంటాయి. ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది కూడా. మన బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర చూశారు కదూ? ఇదీ అటువంటిదే. ఆ పొర వేడిని నీళ్ళకు చేరనివ్వదు. చివరకు గోడ పగలవచ్చు.

అందుకే ఓడ ఇంజను రెండు పాఠాలనూ కలిపి నేర్చుకున్నది. ఇంజను చుట్టూ మంచినీళ్ళు లారీలోలాగా తిరుగుతూ ఉంటాయి. వాటిని చల్లార్చటానికి సముద్రపు నీళ్ళు బావి మీది ఇంజనులోలాగా ఒక దారిన వచ్చి, మరో దారిన పోతాయి. ఈ రెండూ కలవవు. వేడి పాల గ్లాసును చల్లని నీళ్ళ గిన్నెలో పెడితే ఏమవుతుంది? పాలు చల్లారుతాయి, నీళ్ళు వెచ్చబడతాయి. పాలలో ఒక్క నీటి బొట్టు పడదు. ఓడలో గ్లాసుకు బదులు సన్నని లోహపు గొట్టాల కట్ట ఉంటుంది. దానిని ఉష్ణ వినిమయకం అంటారు.

ఆ గొట్టాల దగ్గర ఒక జింకు కడ్డీ బిగిస్తారు. ఉప్పునీరు ముందు జింకును తింటుంది, తక్కిన లోహం బతికిపోతుంది. ఓడల అడుగున ఉండే రాగి రేకులను కాపాడటానికి 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఇటువంటి ఉపాయమే చెప్పాడు. కడ్డీ అరిగిపోగానే కొత్తది వెయ్యాలి.

బయటి నీళ్ళు వచ్చే దారిలో జల్లెడ ఉంటుంది. నాచూ, చెత్తా అడ్డుపడితే ఇంజను కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి, పడవ నడినీట ఆగిపోతుంది. అందుచేత నాగార్జునకొండకు లాంచీలో పోయినప్పుడు ప్లాస్టిక్ సంచులు నీళ్ళలో విసరకండి.

లోపల తిరిగే నీళ్ళకూ సంరక్షణ కావాలి. బోరు నీళ్ళు పనికిరావు, స్వేదనజలం పొయ్యాలి. తుప్పు పట్టకుండా అందులో కూలెంటు అనే ద్రవం, ఇంజను చేసినవారు చెప్పిన పాళ్ళలో కలుపుతారు. కొంతకాలానికి దాని గుణం పోతుంది. రంగు బాగానే ఉన్నదని ఊరుకోకుండా, గడువుకు మార్చాలి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం! దానిని తాగే నీళ్ళ సీసాలో ఎన్నడూ పొయ్యకూడదు.

చివరగా ఒక మాట. నేను బడిలో పనిచేసే రోజుల్లో మా గేటు ముందర ఒక లారీ ఆవిరి కక్కుతూ ఆగింది. క్లీనరు కుర్రవాడు తొందరపడి రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీళ్ళు ఎగజిమ్మి అతని చెయ్యంతా కాలింది. మా తరగతిలో కూర్చోవలసిన ఈడువాడు! మూత బిగించి ఉన్నంత సేపూ లోపలి ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి పైకి లేస్తాయి. ఓడైనా, లారీ అయినా, ఇంజను ఆపి, అది పూర్తిగా చల్లారిన తరవాతనే పెద్దవాళ్ళు మూత తియ్యాలి. ఈ సంగతి ఆ కుర్రవాడికి ముందే ఎవరూ చెప్పలేదు. మీకు తెలిసింది కనుక, మీరు నలుగురికీ చెప్పండి.