మచ్చకు దారి, మందుకు దారి

ఇఎండి 121974. ఒక మందుకు మొదట్లో ఉన్న గుర్తు ఇది. ఆ మూడక్షరాలు 'ఇ. మెర్క్, డార్మ్‌స్టాట్' అన్న పేరుకు పొడి అక్షరాలు. 1668లో ఆ ఊళ్లో మందుల దుకాణంగా మొదలైన మెర్క్, మ్యూనిక్‌లో హోర్స్ట్ కెస్లర్ బృందం రూపొందించిన ఈ చిన్న పెప్టైడ్‌ను సిలెంగిటైడ్ అనే కాన్సర్ మందుగా మలచాలని చూసింది. రక్తనాళాల కణాలు చుట్టూ ఉన్న పీచును పట్టుకోవడానికి వాడే ఇంటెగ్రిన్లను అది అడ్డుకుంటుంది. పట్టు దొరక్కపోతే కొత్త నాళం పాకలేదు.

ఈ మందు కాలేయానికి ఎందుకు పనికొస్తుందనుకున్నారో తెలియాలంటే అక్కడి నక్షత్ర కణాల సంగతి చూడాలి. 1876లో కుఫర్ అనే శాస్త్రవేత్త బంగారు లవణంతో రంగు పట్టించి చూసి, నాలుగు వైపులా కొమ్మలు చాచిన వీటికి ఆ పేరు పెట్టాడు. సన్నని రక్తనాళాలను చుట్టుకుని, ఒంట్లోని విటమిన్ ఎ లో ఎక్కువ భాగాన్ని కొవ్వు బొట్లలో దాచుకుని ఉంటాయి. మద్యమో, హెపటైటిస్ వైరసో, పేరుకున్న కొవ్వో ఏళ్ల తరబడి కాలేయాన్ని గాయపరిస్తే వాటి తీరే మారిపోతుంది. బొట్లు పోతాయి, కండర కణాల్లా బిగుసుకునే గుణం వస్తుంది, కొల్లాజెన్ పీచు నేయడం మొదలవుతుంది. అదే మచ్చ. పీచు పేరుకున్నచోట ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు ఈ కణాలే వీఈజీఎఫ్, యాంజియోపొయెటిన్ వంటి ప్రోటీన్లను వదులుతాయి. ఆ కబురు అందుకున్న నాళాలు మొలకలేసి, మచ్చ వెంబడే పాకుతాయి. అలా పుట్టిన నాళాల్లో కొన్ని రక్తాన్ని కాలేయ కణాల దగ్గరికి చేరనీయకుండా పక్కదారి పట్టిస్తాయి.

నాళాలను ఆపితే మచ్చ ఆగాలి కదా? నాకూ అలాగే అనిపించేది. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కాలేయం దెబ్బతిన్న ఎలుకలకు సిలెంగిటైడ్ ఇచ్చి చూశారు. నాళాలు తగ్గాయి. మచ్చ మాత్రం ఇంకా ముదిరింది! ఈ ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. (మెదడు కాన్సర్ రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షలోనూ ఈ మందు ఆయుష్షు పెంచలేదని 2013లో తేలింది.)

2014లో చుంచెలుకల మీద జరిగిన మరో పని చిక్కుముడిని కొంత విప్పింది. గాయం సాగుతున్నంతకాలం మచ్చకు తోడ్పడే వీఈజీఎఫే, గాయం ఆగాక మచ్చ కరగడానికీ కావాలి. దాన్ని అడ్డుకుంటే మరమ్మతు కుంటుపడింది. కొల్లాజెన్‌ను కరిగించే తెల్లకణాలు కాలేయంలోకి రావాలంటే రక్తనాళాల గోడ దాటాల్సిందే. ఆ గోడను వాటికోసం తెరిచేది వీఈజీఎఫే.