మూసిన తలుపు తట్టండి

జానపద కథలకు ఒక పాత బాట ఉంది. దుష్టుడు రాకుమారిని బంధిస్తాడు, వీరుడు విడిపిస్తాడు, పెళ్లితో కథ ముగుస్తుంది. ‘పాతాళ భైరవి’ (1951)లో తోటరాముడు చేసింది ఇదే. డిస్నీ సంస్థ 1937లో తీసిన బొమ్మల చిత్రం ‘స్నోవైట్’లోనూ రాకుమారుని ముద్దుతోనే కన్య కళ్లు తెరుస్తుంది.

అదే సంస్థ 2013లో తీసిన ‘ఫ్రోజెన్’ ఈ బాట తప్పింది. దాని రెండవ భాగం 2019లో తెలుగు మాటలతో వచ్చింది. ఎల్సాకు నిత్యా మీనన్ గొంతునిచ్చారు. మా మద్దిలపాలెం సండేస్కూలు పిల్లలకు ఈ అక్కచెల్లెళ్లు బాగా తెలుసు.

మొదటి భాగంలో, ఎల్సాకున్న మంచుశక్తి వల్ల చెల్లెలు ఆనా గాయపడుతుంది. తల్లిదండ్రులు భయపడి, ఆ శక్తిని దాచుకోమంటారు. కోట తలుపులు మూయిస్తారు. చెల్లెలు ఎంత తట్టినా అక్క తలుపు తీయదు. దాచినకొద్దీ భయమే పెరుగుతుంది.

పెద్దయ్యాక ఆనా గుండె మంచు కడుతుంది. నిజమైన ప్రేమకార్యమే దానిని కరిగించాలి. ముద్దు చాలుననుకుంటే, నమ్మిన రాకుమారుడే మోసగాడని తేలుతుంది. ఆ స్థితిలోనూ ఆనా, అక్క మీదికి లేచిన కత్తికి అడ్డం నిలుస్తుంది. ఆ త్యాగమే ఆమెను బ్రతికిస్తుంది.

మంత్రాలను మనం నమ్మము. కాని ప్రేమకు కొలత త్యాగమేనని ప్రభువు నేర్పిన సంగతి (యోహాను 15:13) ఇక్కడ పిల్లలకు సులువుగా చెప్పవచ్చు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏదో భయాన్ని దాచుకొని గది తలుపు వేసుకున్నాడా? ‘నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అన్నది మనమే కాదా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఆ తలుపు తట్టండి. తీసేవరకు అక్కడే ఉండండి.