మధుమేహ నియంత్రణమును కొలుచుట ఎట్లు?

మధుమేహమును పల్లెలలో చక్కెర వ్యాధి యనియు, ఇప్పుడు ఎక్కువగా షుగరు అనియు అందురు. దీని రెండవ రకము సాధారణముగా నడివయస్సున మెల్లగా ప్రవేశించును. క్లోమము ఇన్సులిన్‌ను తయారు చేయుచునే యుండును; కాని కండరములు, కాలేయము దానికి సరిగా లోబడవు. కాలక్రమమున ఆ ఉత్పత్తియు తగ్గిపోవును. అటుపిమ్మట మందు, ఆహారము, శ్రమ, నిద్ర, ఇవన్నియు రక్తములోని గ్లూకోజును పైకో క్రిందికో నెట్టుచుండును.

2016లో వరంగల్లు నుండి విడివడి జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనే చూడుడు. జనగామ పల్లెలలో జొన్నరొట్టె, గటక వెనుకబడి పూటపూటకు వరి అన్నమే వచ్చినది. భూపాలపల్లి బొగ్గుగనులలో షిఫ్టు మారినప్పుడెల్ల కార్మికుని భోజనవేళ, నిద్రవేళ, మాత్రవేళ మూడును మారును.

ఇన్ని కారణములు పనిచేయుచుండగా వ్యాధి అదుపులో నున్నదో లేదో తెలియుట ఎట్లు? వ్రేలి కొన పొడిచి చూచిన అంకె ఆ క్షణమునకే చెల్లును. పరీక్షకు ముందు రెండు రోజులు పథ్యముండి డాక్టరును సంతోషపెట్టువారు ప్రతి ఊరిలోను కలరు! అందుచేత హెచ్‌బీఏ1సీ అను పరీక్ష వాడుకలోనికి వచ్చినది. ఎర్ర రక్తకణములలోని హీమోగ్లోబిన్‌కు గ్లూకోజు తనంతట తాను, ఎంజైముల సాయము లేకయే, అంటుకొనును. రక్తములో గ్లూకోజు ఎంత హెచ్చుగా నుండునో, అంత హెచ్చు భాగమునకు అంటును. కణము ఆయుర్దాయము సుమారు 120 దినములు గనుక, ఈ భాగమును కొలిచినచో గడచిన రెండు మూడు మాసముల సగటు తెలియును. మధుమేహ రోగుల హీమోగ్లోబిన్‌లో ఈ విశేషమును 1968లో గుర్తించినవాడు ఇరాన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రహబర్. 7 శాతము వచ్చినచో సగటు గ్లూకోజు డెసిలీటరునకు దాదాపు 154 మిల్లీగ్రాములని అర్థము. చాలమంది రోగులకు ఈ 7 శాతమునకు లోపల నుండుటయే లక్ష్యము.

అయితే ఈ లెక్కలో రెండు ఊహలు దాగియున్నవి. ఒకటి, కణము పూర్తి ఆయుర్దాయము జీవించుననుట. రెండు, హీమోగ్లోబిన్ సాధారణమైనదే యనుట. ఆఫ్రికా సంతతివారిలో ఈ ఊహలు తరచు తప్పుచున్నవి. వారిలో చాలమంది కొడవలి కణ జన్యువును ఒక తల్లిదండ్రుల నుండి మాత్రమే పొందిన వాహకులు. వారికి జబ్బు లక్షణములు సాధారణముగా ఉండవు. అమెరికాలో 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, గ్లూకోజు సమానముగా నున్నను వాహకులలో హెచ్‌బీఏ1సీ సుమారు 0.3 శాతము తక్కువగా కనబడెను. అంకె అదుపు చూపుచుండగా కన్నులకు, మూత్రపిండములకు హాని సాగుచుండవచ్చును. ఇరువురి నుండి జన్యువు పొంది వ్యాధిగ్రస్తులైనవారి కణములు కొద్ది వారములకు మించి నిలువవు గనుక వారికి ఈ పరీక్ష పనికిరాదు.

ఆఫ్రికాకును మానుకోటకును సంబంధమేమి? ఈ జన్యువు మన దేశమునందును కలదు. 1952లో నీలగిరి గిరిజనులలో కనుగొనబడి, పిమ్మట మధ్యభారత అరణ్యవాసులలో విస్తారముగా తేలినది. మలేరియా నుండి కొంత రక్షణ నిచ్చుటచేతనే ఇది మలేరియా సీమలలో నిలిచిపోయినది. కోయలలోను ఇది కలదు. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలములు కోయపల్లెలు గలవి. 2023 జూలైలో ఆరంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమములో తెలంగాణ రాష్ట్రమును చేరినది.

రక్తహీనత వలన చిక్కు వేరొక విధముగా వచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 58 మందికి రక్తహీనత తేలినది. ఇనుము లోపించినచో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటె కొంత హెచ్చుగా కనబడవచ్చును. దానిని నమ్మి గ్లిమిపిరైడ్ వంటి మాత్ర మోతాదు పెంచినచో, మిరపతోటలో కూలికి పోవు స్త్రీకి మధ్యాహ్నవేళ చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పుటయు సంభవించును. ఇనుము మాత్రలు వాడి క్రొత్త కణములు పుట్టినపుడు, చక్కెర తగ్గకయే అంకె తగ్గును.

కావున హెచ్‌బీఏ1సీని ఒంటరిగా చదువరాదు. పరగడుపునను, భోజనమైన రెండు గంటలకును చూచిన గ్లూకోజు దానితో పొసగవలెను. పొసగనిచో హీమోగ్లోబిన్ ఎంత, ఏ రకము అని పరీక్షింపవలెను. అట్టివారికి ఫ్రక్టోసమైన్ అను మరియొక పరీక్ష కలదు. అది రక్తకణములతో నిమిత్తము లేక, రక్తద్రవములోని ప్రోటీనులకు అంటిన గ్లూకోజును కొలిచి, రెండు మూడు వారముల సగటును తెలుపును.