పాత బండిలో తీపి వాసన

మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములలో సరకులు మోయు చిన్న పికప్పు బండి లేని వీథి నేడు అరుదు. మిరపకాయల బస్తాలు ఎనుమాముల మార్కెట్టునకు పోవుటయు, కూరగాయలు బొగ్గుగనుల కాలనీలకు చేరుటయు, పెండ్లిసామాను దిగుటయు ఈ బండ్లమీదనే. బండి నడుపువారు పురుషులే యైనను, ముందరి సీటుపై బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండువారము మనమే గదా. అందుచేత ఆ బండిలో దాగియుండు నొక చిన్న వస్తువును గూర్చి మేము చూచినంత, తెలిసికొన్నంత వ్రాయుచున్నాము.

ఆ వస్తువు పేరు హీటరు కోరు. పేరు వినగానే మన పాఠకురాండ్రు నవ్వుదురేమో. వైశాఖమాసమున జనగామ గుట్టలు నిప్పులు చెరుగుచుండ బండిలో వేడిగాలి యెవరికి కావలెను? ఆ నవ్వు మాకును వచ్చినదే. కాని అది యున్న బండిలో మనము వాడినను వాడకున్నను దాని పని సాగుచునే యుండును. ఇంజనులో పుట్టు వేడిని కూలెంటను ద్రవము గ్రహించి, ముందరనున్న రేడియేటరునకు కొనిపోయి గాలికి వదలును. అందు కొంతభాగము రెండు రబ్బరు గొట్టముల ద్వారా ఇంజను వెనుక గోడను దాటి, డ్యాషుబోర్డు చాటున నున్న మరియొక చిన్న రేడియేటరులోనికి వచ్చి మరల పోవును. సన్నని గొట్టములు, వాని నడుమ మడతలు పెట్టిన పలుచని రేకులు, ఇంతియే దాని నిర్మాణము. పంకా గాలి ఆ రేకుల సందులలో దూరి వెచ్చబడి అద్దముమీదికిని కాళ్లమీదికిని వచ్చును. చాల బండ్లలో హీటరు మీట కట్టియున్నను ద్రవము మాత్రము అందు తిరుగుచునే యుండును. కావున అది చిల్లిపడెనా, కారునది మన పాదములయొద్దనే.

మా మరిది జనగామలో నుండి అట్టి పాతబండి నొకటి నడుపుచున్నారు. గడచిన మార్గశిరమున మా తోడికోడలు బండిలోని పరుపుగుడ్డ తడిసియుండుట చూచెను. వానలు వెళ్లి నెలదాటినది. నీళ్లసీసా ఒలికినదనుకొని ఆరవేసిన మరునాడే మరల తడిసెను. వ్రేలు తాకించి చూడగా జిడ్డు. వాసన చూడగా పాకము వంటి తీపి. ఆమె మూడేండ్ల కుమార్తె సాధారణముగా ఆ గుడ్డమీదనే కూర్చుండి ఆడుకొనుచుండును.

ఇట్టి తడి కనబడినపుడు విచారింపవలసిన సంగతులు కొన్ని గలవు. చల్లని గాలి యంత్రమునుండి కారు నీటికి రంగు లేదు, వాసన లేదు. వాననీరైనచో వాననాడే కనబడును. కూలెంటైనచో ఆకుపచ్చనో గులాబినో రంగుండును, చేతికి అంటుకొనును. అద్దము లోపలి ప్రక్క ఆవిరిపట్టి, గుడ్డతో తుడిచినకొలది జిడ్డుచారలు పడును. బండి క్రింద నేల పొడిగానే యుండును గాని కూలెంటు డబ్బాలో మట్టము దినదినము తగ్గుచుండును. ఈ గుర్తులు కలిసి కనబడినచో సందేహమక్కరలేదు.

ఇక ఆ తీపినిగూర్చి. కూలెంటులో ముఖ్యపదార్థమగు ఇథిలీన్ గ్లైకాలు విషము. తియ్యగా నుండుటయే దాని క్రౌర్యము. కుక్కలు నాకును, బిడ్డలు త్రాగుదురు. త్రాగినవారు మొదట మత్తుగొన్నవారివలె తూలుదురు, వాంతి యగును. పిమ్మట గంటలు గడచినకొలది మూత్రపిండములు చెడును. నడుమ కొంతసేపు తెప్పరిల్లినట్లు కనబడుటయు గలదు, దానిని నమ్మరాదు. ఇంటివైద్యము చేయక, వాంతి చేయింపబూనక, ఆ డబ్బాను చేతబట్టుకొని వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. దీనికి విరుగుడు మందు గలదు. అది ఎంత శీఘ్రముగా పడిన నంత మేలు. 1937వ సంవత్సరమున అమెరికాలో దీని జ్ఞాతియగు డైఇథిలీన్ గ్లైకాలులో కరగించి అమ్మిన మందును త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. వారిలో బిడ్డలనేకులు. మరుసటి యేట ఆ దేశమున ఔషధముల చట్టము వచ్చుటకు ఆ దుఃఖమే కారణము.

మా మరిది బండిలోనిది కారుటకు మూలము మన బోరునీరు. కూలెంటు ఖరీదని కొన్ని యేండ్లుగా డ్రైవర్లు అందు బోరునీటినే పోయుచు వచ్చిరట. నీళ్లు కాచు గిన్నెకు అడుగున తెల్లని సున్నపుపొర కట్టుట మనమెరిగినదే. ఆ పొరయే ఆ సన్నని గొట్టములలోను కట్టును. పైగా అల్యూమినియమును నీరు తినివేయును. సరియైన కూలెంటులో తుప్పుపట్టనీయని మందులుండును. మంచు గడ్డకట్టని మన దేశమున గ్లైకాలెందుకని యడుగువారు గలరు. సగము శుద్ధజలము, సగము గ్లైకాలు కలిపిన ద్రవము సుమారు 107 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని మరుగదు. మూతబిగువున ఆ హద్దు ఇంకను హెచ్చును. మన యెండలకు ఈ గుణమే ముఖ్యము.

మొదట హనుమకొండ త్రోవలో ఒక మేస్త్రీ, "మనకెందుకన్నా హీటరు? రెండు పైపులు కలిపేస్తే అయిపాయె" అని, ఆ రెండు గొట్టములను ఇంజను వైపుననే ఒకదానితో నొకటి కలిపి పంపెను. ఇది తప్పుపని కాదు. కారుట వెంటనే నిలిచినది, బండి నడచినది, ఖర్చు స్వల్పము. దారిలో చిక్కుకొన్నవారికి ఇంతకంటె మంచి యుపాయము లేదు. కాని పుష్యమాసపు వేకువలలో పరకాల దాటి రేగొండ మీదుగా భూపాలపల్లికి కూరగాయలు చేర్చువారికి పొగమంచు ఎట్టిదో తెలియును. అద్దము లోపల ఆవిరి కమ్మినచో దానిని తొలగించునది ఆ వెచ్చని గాలియే, మా మరిది బండిలో చల్లని గాలి యంత్రము లేదు. ఆయన ఒక చేత గుడ్డబట్టి తుడుచుకొనుచు బొగ్గు లారీల నడుమ బండి నడుపుచున్నాడని వినినపుడు మా తోడికోడలు రెండు రాత్రులు నిద్రపోలేదు. కొత్త కోరు వేయింపవలెనని పట్టుబట్టినది ఆమెయే.

ఆ పని జనగామలో వారి యింటిముందరనే జరిగినది గాన మేము దగ్గరనుండి చూచితిమి. వస్తువు వెల కొంచెము, కూలి హెచ్చు. ఏలయన దానిని చేరుటకు డ్యాషుబోర్డంతయు విప్పవలెను. ఇంజను పూర్తిగా చల్లారువరకు రేడియేటరు మూత ముట్టరాదు. అది మన ప్రెషరు కుక్కరు వంటిదే. వేడిమీద తెరచినచో ముఖము కాలును. బ్యాటరీ తీగ తీసి, ద్రవమును వెడల్పు పళ్లెములోనికి వంపిరి. గోడయొద్ద గొట్టములు బిగిసియుండగా మేస్త్రీ లాగలేదు, కత్తితో నిలువున చీల్చెను. లాగినచో లోపలి ముక్కు విరుగునట. మరలు అరువది దాటినవి. ఏది యెక్కడిదో తప్పకుండుటకై మా తోడికోడలు పాత పోపులపెట్టెను తెచ్చి, ఆవాల గిన్నెలో చిన్నవి, మెంతుల గిన్నెలో పొడవువి, ఇట్లు వేరుచేసి యుంచెను. ప్రతి భాగము విప్పకముందు ఫోనులో బొమ్మ తీసెను. రథపు చీల యూడినపుడు కైకేయి తన వ్రేలినే చీలగా నిలిపి దశరథుని గాచెనని పౌరాణికులు చెప్పుదురు. ఆమెకు వరములు రెండు దక్కినవి. మా తోడికోడలికి దక్కినది మరకలైన చీరచెంగు.

పాత కోరు బయటికి రాగా అంచున పచ్చని చారలు, తెల్లని పొరలు కనబడినవి. పాతకాలపు రాగి, ఇత్తడి కోరులైనచో సీసపు మాటు వేయవచ్చును. జనగామ చేరువనున్న పెంబర్తి ఇత్తడి పనికి పేరుగన్నది గదా. లోహమునకు మాటు వేయుట ఎట్టిదో ఆ ప్రాంతపువారికి చెప్పవలసిన పనిలేదు. ఇది అల్యూమినియము, మాటు నిలువదు. కొత్తదానిని పాతదాని ప్రక్కనుంచి ముక్కులు సరిపోల్చిరి. పాతదాని చుట్టునున్న స్పాంజి పట్టీలను మరువక క్రొత్తదానికి అంటించిరి. అవి లేనిచో గాలి రేకులలో దూరక ప్రక్కనుండి పోవును. రబ్బరు ఉంగరములు, గొట్టములు, బిగింపు పట్టీలు అన్నియు క్రొత్తవే. నీరు తేటగా వచ్చువరకు ఇంజనును కడిగి, కూలెంటు నింపి, బండి ముక్కు ఎత్తుగా నుండునట్లు వాలుమీద నిలిపి, మూత తీసి, హీటరు మీటను పూర్తి వేడికి త్రిప్పి ఇంజనును నడిపించిరి. లోపల చిక్కిన గాలి బుడగలుగా వెడలినది. మట్టము తగ్గినకొలది మరల పోసిరి. డ్యాషుబోర్డు మూయకముందే అరగంటసేపు ఎక్కడనైన చెమ్మ కలదేమో వెదకిరి. మూసిన పిమ్మట తెలిసిన చెమ్మకు మరల అరువది మరలు విప్పవలెను గదా.

ఆ సందడిలో ఎవరో తీసిన కూలెంటును ఖాళీ సీసాలో పోసి అరుగుమీద నుంచిరి. పచ్చని రంగు, షర్బతు సీసా! మా తోడికోడలు చూచి వెంటనే దానిని బిగుతుమూతగల నూనెడబ్బాలోనికి మార్చి, పెద్దయక్షరములతో విషమని వ్రాసి, పై అటుకున పెట్టెను. పిదప గ్యారేజివారు వాడిన నూనెతోపాటు దానిని కొనిపోయిరి. కాలువలో పోసినచో పశువులు త్రాగును. బండిలోని పరుపుగుడ్డను సబ్బుతో రెండుమార్లు ఉతికి, మూడుదినములు ఎండబెట్టిరి. ఇది నీటివలె త్వరగా ఆరునది కాదు. తడి పోయినట్లున్నను తీపి నిలిచియుండును. క్రింది రేకును గూడ తుడిచిరి.

కోరు మార్చిన వారమునకు బిగింపు పట్టీలను ఒకసారి సరిచూడవలెను, క్రొత్త రబ్బరు కొంత కుదురుకొని సడలును. ఇంజను చల్లగా నున్న వేకువను డబ్బాలో మట్టము రెండు గీతల నడుమ నున్నదా యని చూచుటకు అర నిమిషము చాలును. మా తోడికోడలు ఇప్పుడు పాలు కాచుటకు ముందు ఆ పని చేయుచున్నది.