దుబాయి తర్వాత ఏ దేశం?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో ఉత్తర తెలంగాణ పల్లెల గురించి మాట్లాడినవాళ్ల నోట తరచూ వినిపించిన మూడు మాటలివి. పొట్ట చేతబట్టుకొని ఎటు పోయారో అవి చెబుతాయి. ఒంట్లో సత్తువ తగ్గాక ఎక్కడికి రావాలో, వచ్చాక దేని ఆసరాతో బతకాలో చెప్పవు. ఎనభైల్లో, తొంభైల్లో జగిత్యాల, కరీంనగర్, నిర్మల్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ విమానమెక్కిన పిల్లలకు ఇప్పుడు అరవై ఏళ్లు నిండుతున్నాయి. కొండగట్టు అంజన్న గుట్ట చుట్టూ ఉన్న మల్యాల, కొడిమ్యాల, పెగడపల్లి, గంగాధర మండలాల్లో ఏ ఊరికి పోయినా వాళ్లు కనిపిస్తారు. ఒక తరం తరమే రిటైరవుతోంది. రిటైర్మెంట్ అంటే సర్కారు నౌకరీ చేసినవాళ్లదే అనుకునే అలవాటు వల్ల, ఈ సంగతి మన కంటికి ఆనడం లేదు.

ఏటా అమెరికా, యూరప్ పత్రికలు ఒక జాబితా వేస్తాయి. పదవీ విరమణ తర్వాత తక్కువ ఖర్చుతో, మంచి వైద్యంతో హాయిగా బతకడానికి ఏ దేశం మేలు? పనామా, కోస్టారికా, పోర్చుగల్, మలేషియా, థాయ్‌లాండ్ పేర్లు అందులో అటూ ఇటూ అవుతుంటాయి. నెలకు వెయ్యి డాలర్ల జీవితకాల పింఛన్ ఉందని చూపిస్తే పనామా రమ్మంటుంది. యాభై ఏళ్లు దాటి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు గానీ, నెలకు 65,000 బాత్‌ల రాబడి గానీ ఉంటే థాయ్‌లాండ్ వీసా ఇస్తుంది. దుబాయి కూడా 2020లో ఇలాంటి పథకమే మొదలుపెట్టింది. వయసు 55 దాటాలి. నెలకు 20,000 దిర్హామ్‌ల రాబడి ఉండాలి. లేదా 10 లక్షల దిర్హామ్‌ల పొదుపు, అదీ కాకపోతే 20 లక్షల దిర్హామ్‌ల సొంతిల్లు ఉండాలి. మొదట పెట్టిన షరతులివి. దుబాయిలోని సోనాపూర్ కూలీల క్యాంపులో మంచం మీద మంచం వేసిన గదిలో పడుకొని, నెలకు వెయ్యి, పన్నెండు వందల దిర్హామ్‌లకు పనిచేసిన మనిషికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. ఆ నగరంలో అంతస్తు మీద అంతస్తు లేపిన చేతుల్లో మన జిల్లాల చేతులు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు అక్కడ ముసలితనం రాసిపెట్టి లేదు. మెడికల్‌లో అన్‌ఫిట్ వచ్చినా, కంపెనీ వీసా రెన్యువల్ చేయకపోయినా సామాను సర్దుకోవాల్సిందే.

కాబట్టి ఏ దేశం అన్న ప్రశ్నకు వీళ్ల దగ్గర ఒక్కటే జవాబుంది. మన దేశం, మన ఊరు. ఇక అడగాల్సింది మరొకటి. ఆ జాబితాలు వేసేవాళ్లు పనామానూ పోర్చుగల్‌నూ కొలిచే కొలతలతోనే, రాబడి, ఖర్చు, వైద్యం, వాతావరణం, తోడు అన్నవాటితోనే, కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లను కొలిస్తే ఏం తేలుతుంది?

ముందు రాబడి చూద్దాం. ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది.

బొగ్గుబాయికి పోయినవాళ్లకు కనీసం ఒక కాగితం మిగిలింది. 1948 చట్టంతో బొగ్గు గని కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది, 1998లో పింఛన్ పథకం వచ్చింది. ఆ పింఛన్‌కు కరువు భత్యం లేదు. రిటైరైన రోజు ఎంతుందో పదిహేనేళ్ల తర్వాతా అంతే. రామగుండం, మందమర్రి కాలనీల్లో సింగరేణి పెద్దలు ఎన్నో ఏళ్లుగా దాని కోసమే కొట్లాడుతున్నారు. అయినా నెల తిరిగేసరికి ఖాతాలో ఎంతో కొంత పడుతుంది. బొంబాయి, భీవండి మగ్గాల మీద బతికిన చాలామందికి ఆ కొంతా లేదు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మెతో లక్షల మంది బతుకు చెదిరింది. మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ దెబ్బ తిన్నాయి.

దుబాయి సంగతి లెక్కేసి చూడాలి. యూఏఈ చట్టం ప్రకారం పని మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. మూల వేతనం వెయ్యి దిర్హామ్‌లున్న మనిషి ఒకే కంపెనీలో ఇరవై ఏళ్లు చేశాడనుకోండి. మొదటి ఐదేళ్లకు 3,500, మిగతా పదిహేనేళ్లకు 15,000, మొత్తం 18,500 దిర్హామ్‌లు. దిర్హామ్ 23 రూపాయల చొప్పున నాలుగు లక్షల పాతిక వేలు. ఇరవై ఏళ్ల ఎండకు చేతికొచ్చేది అదీ. అదైనా కంపెనీ వీసా మీద, కాగితాలన్నీ సరిగా ఉన్నవాళ్ల మాట. ఆజాద్ వీసా మీద పోయి ఎక్కడ పని దొరికితే అక్కడ చేసినవాళ్లకు, కఫీల్ (వీసా పెట్టిన యజమాని) దగ్గర్నుంచి బయటపడి ఖల్లివల్లి (కాగితాల్లేని కూలీలు) అయినవాళ్లకు, పాస్‌పోర్టు లేక ఔట్‌పాస్ మీద విమానమెక్కినవాళ్లకు గ్రాట్యుటీ అన్న మాటే లేదు.

ఇంటికి పంపిన డబ్బు ఏమైందని అడగడం తేలిక. ఏజెంటుకిచ్చిన అప్పుకు మిత్తీ, అక్క పెండ్లి, చెల్లె పెండ్లి, బోర్లు, తండ్రి ఆపరేషన్, చివరికి ఇల్లు. ఆ డబ్బు మీద ఒక ఊరంతా బతికింది. దాచుకోలేదని వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు కనిపించదు.

ఇలాంటి ఇండ్లలో నెలనెలా గ్యారంటీగా వచ్చే రాబడి ఎవరిదో చూడండి. చాలా చోట్ల అది ఇల్లాలిది. ఆయన గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ ఆమె అరుగు మీద కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి బీడీలు చేసింది. నడుము పట్టేసింది, దగ్గు పట్టుకుంది. కానీ బీడీ కార్ఖానా లెక్కల్లో ఆమె పేరుంది, పీఎఫ్ నంబరుంది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా పింఛన్ ఇచ్చారు. అది 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. “ఆయన పంపిన పైసలు అప్పులకు, ఇంటికి, బిడ్డ పెండ్లికే సరివోయినయ్. ఇప్పుడు నెలనెలా కనవడేది నా బీడీ పింఛనే” అన్న మాట ఈ మండలాల్లో ఆడవాళ్ల నోట వింటూనే ఉంటాం. దేశాలు తిరిగి వచ్చిన మనిషికి, గడప దాటని మనిషి పింఛన్ ఆధారమైంది. పరాయి దేశంలో చేసిన కష్టాన్ని మనం పనిగా లెక్క రాసుకోకపోవడం వల్ల వచ్చిన తిప్పలిది.

ఖర్చు విషయానికొస్తే మన ఊళ్లు ఏ జాబితాలోనైనా పైనే ఉంటాయి. సొంతిల్లు, ఇంత పొలం, తినడానికి సొంత బియ్యం ఉన్నవాళ్లకు నెల గడవడం కష్టం కాదు. కాకపోతే ఆ ఇంటినొకసారి లోపలికెళ్లి చూడాలి. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది. ముందు రెండు గుండ్రటి స్తంభాలు, నున్నటి గ్రానైట్ మెట్లు, పైన ఇంకో అంతస్తు కోసం వదిలేసిన ఇనుప చువ్వలు. పడకగది పైన, స్నానాల గది కింద, మధ్యలో నిటారు మెట్లు, వాటికి పట్టుకునే కడ్డీ లేదు. ముప్పై ఏళ్ల వయసులో, ముప్పై ఏళ్ల మోకాళ్లతో కలగన్న ఇల్లది. అరవై ఐదులో తడి గ్రానైట్ మీద కాలు జారి తుంటి విరిగితే ఆ ఇంటి ఖర్చంతా ఆస్పత్రిలో మళ్లీ పెట్టాలి. పై అంతస్తుకు దాచిన డబ్బులో కొంత తీసి కింద ఒక పడకగది, గోడకు ఇనుప కడ్డీ ఉన్న కూర్చునే మరుగుదొడ్డి కట్టించుకుంటే అంతకన్నా పెద్ద ఆరోగ్య బీమా లేదు.

కొండగట్టు దగ్గర కోతుల సంగతి చెప్పకపోతే మాట పూర్తి కాదు. గుట్ట మీద అవి అంజన్న పరివారం. ఊళ్లోకి వస్తే ముసలివాళ్లకు ప్రాణసంకటం. చేతిలో సంచి కనబడితే మీద పడతాయి, అదిలించబోయి కింద పడేది పెద్దవాళ్లే. ఆరుబయట మిరపకాయలు ఆరబెట్టుకోవడం, పెరట్లో చెట్టు పెంచుకోవడం లాంటి చిన్న చిన్న పనులే ముసలితనంలో ఒంటినీ మనసునూ నిలబెడతాయి. వాటిని కోతులు లాగేసుకున్నాయి. దీన్ని ఏ ప్రభుత్వమూ ఆరోగ్య సమస్యగా చూడలేదు. చూడాలి.

వైద్యంలో పదేళ్ల కిందటికీ ఇప్పటికీ తేడా ఉంది. 2022లో జగిత్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, మరుసటి ఏడాది కరీంనగర్‌కూ వచ్చింది. కొండగట్టు నుంచి జగిత్యాల పదిహేను కిలోమీటర్లు, కరీంనగర్ ముప్పై ఐదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. 2024 అక్టోబర్ నుంచి డెబ్బై దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి మెడికేర్ ఇండియాలో పనికిరాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో ఇక్కడ జీవితాంతం ఉండొచ్చు గానీ వ్యవసాయ భూమి కొనలేరు. వాళ్లకు డాలర్ల పింఛన్ ఉంటుంది కనుక మిగతాది సర్దుకుంటుంది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఏళ్ల తరబడి ఊళ్లో లేని మనిషి పేరు రేషన్ కార్డులో ఉందో లేదో రాగానే చూసుకోవాలి. ఆరోగ్యశ్రీకి అది అక్కరకొస్తుంది.

ఆస్పత్రి ఉండటం ఒకటి, దాని దాకా చేరడం మరొకటి. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మలుపులో లోయలోకి పోయింది. అరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లు. బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. ఒక్క బస్సులో అంతమంది ఎందుకెక్కారో పల్లెల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఎక్కారు. రామసాగర్, హిమ్మత్‌రావుపేట, తిర్మలాపూర్ ఊళ్లలో ఆ రోజును ఎవరూ మరిచిపోలేదు. బీపీ మాత్రలకో బ్యాంకులో పింఛన్‌కో పోయే ముసలామె సీట్లో కూర్చొని పోయి కూర్చొని రాగలగడం కూడా వైద్యంలో భాగమే.

ఎండల మాట. మే నెలలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటడం మామూలైపోయింది. గల్ఫ్‌లోనైనా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించొద్దని యూఏఈ నిబంధన ఉంది. ఇక్కడ వరికోతల్లో, కల్లాల దగ్గర అదీ లేదు. ఎండలో ఏళ్లకేళ్లు నీళ్లు చాలక పనిచేసిన ఒంట్లో మూత్రపిండాలే ముందు దెబ్బతింటాయి. తిరిగి రాగానే ఒకసారి క్రియాటినిన్, షుగర్, బీపీ చూపించుకోవడం గుట్టకు మొక్కు చెల్లించుకున్నంత శ్రద్ధగా చేయాలి.

తోడు సంగతి మరింత నాజూకు. ముప్పై ఏళ్లలో రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చిన మనిషి, భార్యాపిల్లలతో గట్టిగా మూడేళ్లు కూడా కలిసి ఉండడు. రిటైరయ్యాక ఆ ఇంట్లో అతను కొత్త మనిషి. “ఆడ ఉండనియ్యరు, ఈడ ఊకె కూసుండబుద్ధి గాదు” అంటారు. ఇది బయటికి చెప్పుకోలేని దిగులు. దానికి మందు తాగుడులో వెతుక్కునేవాళ్లూ ఉన్నారు. మనసు బాగాలేనివాళ్లను తీసుకొచ్చి కొండగట్టు మీద రోజుల తరబడి ప్రదక్షిణలు చేయించే ఆచారం ఎప్పటి నుంచో ఉంది. ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. గుట్ట కిందనే ఒక మానసిక వైద్యుడు వారానికి రెండు రోజులు, రద్దీ ఉండే మంగళ, శనివారాల్లో కూర్చుంటే ఎందరికో మేలవుతుంది.

పిల్లల పేరిట ఆస్తి రాయడంలో తొందరపడకూడదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు పోవచ్చు, పోషిస్తారన్న షరతు రాసి ఉంటే గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు కాగితం మీద లేకపోతే తిప్పలు. ఇబ్బందిలో ఉన్న పెద్దలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.

మళ్లీ రాబడి దగ్గరికే వస్తాను. కేరళ 2008లోనే ప్రవాసుల సంక్షేమానికి చట్టం చేసింది. గల్ఫ్‌లో ఉన్నప్పుడు నెలనెలా కొంత కట్టినవాళ్లకు అరవై తర్వాత పింఛన్ వస్తుంది. కేంద్రం 2012లో గల్ఫ్ కూలీల కోసం మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని పింఛన్ పథకం తెచ్చింది. చేరినవాళ్లు లేరని 2017లో ఎత్తేసింది. ఊరూరా తిరిగి చెప్పకుండా, చేరలేదని ఎత్తేయడం అన్యాయం. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామంది. మంచి పని. బతికి వచ్చినవాడికి కూడా ఏదో ఒకటి ఉండాలి. రైతు బీమా 59 ఏళ్లతో ఆగిపోతుంది, ప్రవాసీ భారతీయ బీమా అక్కడి ఉద్యోగంతో ముడిపడింది. సరిగ్గా అవసరమైన వయసులో రెండూ ఉండవు. కేరళలో లాంటి ప్రవాసీ పింఛన్ బోర్డు మనకూ కావాలి.

ఇప్పటికే వచ్చేసినవాళ్లు గ్రాట్యుటీ డబ్బును ప్లాట్ల బ్రోకర్ చేతిలో పెట్టకుండా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో వేసుకోవడం మేలు. అరవై నిండాలి, ఎన్నారైగా ఉన్నంతకాలం ఖాతా తెరవనివ్వరు. 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా వేయొచ్చు, వడ్డీ 8.2 శాతం. పైన లెక్కేసిన నాలుగు లక్షల పాతిక వేలకు నెలకు సగటున మూడు వేలకు కొంచెం తక్కువ వస్తుంది.

ఇప్పుడు నలభైలో ఉండి దోహాలోనో రియాద్‌లోనో ఉన్నవాళ్ల లెక్క వేరు. నేషనల్ పెన్షన్ సిస్టమ్ (ఎన్‌పీఎస్) ఖాతా ఎన్నారైలూ తెరవొచ్చు. నెలకు మూడు వేల చొప్పున ఇరవై ఏళ్లు వేస్తే, ఏడాదికి 8 శాతం పెరుగుతుందనుకున్నా, పదిహేడు లక్షలు దాటుతుంది. ఇంటి దగ్గర ముప్పై ఏళ్ల భార్య ఉంటే, ఆమె పేరిట అటల్ పెన్షన్ యోజనలో నెలకు 577 రూపాయలు కడితే అరవై నిండాక నెలకు 5,000 వస్తుంది. నలభై దాటాక ఆ పథకంలో చేర్చుకోరు.