మీకు తెలుసా? అక్షరాల కంటే అనుమానాలకే చోటెక్కువ!
మనిషి జన్యుపటంలో సుమారు 300 కోట్ల అక్షరాలు. సీక్వెన్సింగ్ యంత్రం దాన్ని ఒక్క బిగిన చదవదు. బాగా వాడుకలో ఉన్న రకమైతే 150 అక్షరాల తుంపులుగా, ప్రతి చోటునూ సగటున 30 సార్లు చదువుతుంది. మరి ఇంత సరుకు దాచేదెలా? బ్రిటన్‌లోని యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2011లో ఓ కిటుకు ప్రకటించారు: ప్రామాణిక జన్యుపటంతో పోల్చి తేడాలు మాత్రమే రాసుకోవడం. దాని ఫలమే ‘క్రామ్’ ఫార్మాట్. ఉచితంగా దొరికే సామ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైళ్లను ఎవరైనా తెరవచ్చు. కాకపోతే ఆ ప్రామాణిక పటం పోగొట్టుకుంటే ఫైలు విప్పడం కష్టమే! తమాషా ఏంటంటే, అక్షరాలు ఇట్టే కుదించుకుపోతాయి. మొండికేసేవి ఒక్కో అక్షరాన్ని ఎంతవరకు నమ్మొచ్చో యంత్రం వేసే మార్కులే. అందుకే కొన్ని కొత్త యంత్రాలు 40 రకాల మార్కులు మానేసి నాలుగైదింటితో సరిపెడుతున్నాయి.