చలి పొద్దున డీజిల్ బండి: హీటరు రిలే సంగతి



పుష్యమాసపు చలి. తెల్లవారక ముందే కూరగాయలు లారీకెత్తి, తాళం తిప్పుతారు. తెల్లని పొగ వస్తుందే గాని ఇంజను అందుకోదు. లంబసింగి, అరకు, ఆదిలాబాదు వైపు వారికి ఇది కొత్త సంగతి కాదు. బ్యాటరీ చెడిందనుకుంటాము. ఒక్కొక్కప్పుడు చెడేది రిలే.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు గదా! గాలిని గట్టిగా నొక్కగా పుట్టే వేడికే డీజిలు అంటుకొంటుంది. గాలీ ఇనుమూ చల్లబడితే ఆ వేడి చాలదు. అందుకని కొన్ని లారీలకు, ట్రాక్టర్లకు గాలి పోయే దారిలో విద్యుత్ హీటరు పెడతారు. పెద్ద ఇంజనులో 12 వోల్టుల హీటరు 100 ఆంపియర్ల దాకా లాగవచ్చు; అనగా 1200 వాట్లు. అంత కరెంటును తాళం స్విచ్చి మోయలేదు. కాలువకు తూము తలుపు ఎట్లాగో, హీటరుకు రిలే అట్లాగు.

ఈ తలుపు రెండు విధాల చెడుతుంది.

ఒకటి, తెరుచుకోదు. లోపలి కాంటాక్టులు కాలిపోతవి, లేదా బిగింపుల వద్ద చిలుము పడుతుంది. "టిక్కు" మని చప్పుడైనంత మాత్రాన రిలే బాగున్నట్లు కాదు. హీటరు నడిచేటప్పుడు రిలే పెద్ద బోల్టులు రెంటి మధ్య వోల్టుమీటరు పెట్టించండి. ముల్లు సున్న దగ్గరే ఉండవలె. రెండు మూడు వోల్టులు చూపితే రిలే మార్చవలసిందే.

రెండవది, మూసుకోదు. కాంటాక్టులు కరిగి అతుక్కుపోతవి. తాళం తీసినా హీటరు కాలుతూనే ఉంటుంది. బ్యాటరీ అయిపోవడమే కాదు, తీగలు కాలి బండికే నిప్పంటుకోవచ్చు. తాళం తీసిన తరువాత కాలిన వాసన వస్తే, వెంటనే బ్యాటరీ నెగటివు తీగ ఊడదీయండి. రవ్వలు లేస్తవి, ముఖం దూరంగా ఉంచండి.

చలికాలానికి ముందే నెగటివు తీగ విప్పి, బిగింపులు శుభ్రం చేయించండి. కొత్త రిలే పాతదాని ఆంపియర్లకు తగ్గరాదు. ఫ్యూజు స్థానంలో మామూలు తీగ చుట్టవద్దు.

చివరిగా ఒక్క మాట. హీటరున్న ఇంజనులోకి ఈథరు స్ప్రే కొట్టవద్దు. ఎర్రగా కాలే హీటరు తగిలి అది భగ్గుమంటుంది. ఆలస్యమైతే ఆ పూట బేరం పోతుంది; స్ప్రే కొడితే చేతులే పోవచ్చు.